పెట్టెల కంటే ముందు పూలు

హైదరాబాద్‌లో మూడు నాలుగు అంతస్తుల పైన కాపురం ఉండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. రాత్రి బాల్కనీలో లైటు ఆర్పడం మరిచిపోతే తెల్లారేసరికి దాని కింద పదో పదిహేనో ఈగలు చచ్చిపడి ఉంటాయి. ఇంకా ప్రాణమున్నవి రెక్కలు కొట్టుకుంటూ నేల మీద గుండ్రంగా తిరుగుతుంటాయి. దీపపు పురుగులనుకుని చీపురుతో ఊడ్చేస్తాం. అవి కొండ తేనెటీగలు. మన ప్రాంతంలోని తేనెటీగల్లో అన్నిటికన్నా పెద్దవి, వెన్నెల రాత్రుల్లో కూడా మేతకు వెళ్లగలిగినవి. చీకట్లో మసక వెలుతురును పట్టుకుని దారి చూసుకునే ఆ కళ్లకు మన దీపాలే శత్రువులు. లైటు చుట్టూ తిరిగి తిరిగి, ఓపిక అయిపోయి రాలిపోతాయి. అంటే ఆ చుట్టుపక్కల ఎక్కడో, ఏ వాటర్ ట్యాంకు అడుగునో, ఏ ఫ్లైఓవర్ కిందో, ఒక పెద్ద పట్టు వేలాడుతోందన్నమాట. దాన్ని ఎవరూ పెంచలేదు. ఎవరూ పెట్టె కొని తెచ్చి పెట్టలేదు.

నగరాల్లో తేనెటీగల పెంపకం గురించి ఇప్పుడు మన దగ్గర వినిపిస్తున్న మాటల్లో చాలావరకు ఈ సంగతిని పక్కనపెట్టి మొదలవుతున్నాయి. మిద్దె మీద పెట్టె పెట్టుకోండి, తేనెటీగలను కాపాడండి, కల్తీ లేని తేనె ఇంట్లోనే తీసుకోండి అనే పిలుపు వినడానికి బాగుంటుంది. మే 20న ప్రపంచ తేనెటీగల దినోత్సవం నాడు ఫొటోలకూ బాగుంటుంది. కానీ నగరంలో తేనెటీగలు లేవు కాబట్టి మనం తెచ్చి పెట్టాలన్న ఊహే తప్పు. ఉన్నవాటికి తిండి, నీళ్లు, గూటికి చోటు దొరకకుండా చేసి, మనం కొన్నవాటికి పెట్టె కట్టించి సంతోషపడటం పరిష్కారం కాదు.

ముందు ఉన్నవేమిటో చూద్దాం. మన పట్నాల్లో ప్రధానంగా కనిపించేవి నాలుగు రకాలు. కొండ తేనెటీగ ఒకే ఒక్క పట్టు పెడుతుంది, అదీ ఆరుబయట. మీటరు, మీటరున్నర వెడల్పు దాకా పెరుగుతుంది. పది అంతస్తుల భవనం దాని లెక్కలో ఒక కొండచరియ. ఎంత బతిమాలినా పెట్టెలో ఉండదు. పూల కాలం చూసుకుని వస్తుంది, అయిపోగానే వెళ్లిపోతుంది, మళ్లీ కాలం వచ్చినప్పుడు చాలాసార్లు అదే చోటికి తిరిగి వస్తుంది. రెండోది చిన్న తేనెటీగ. దాని పట్టు అరచేయంత ఉంటుంది. గోరింట కొమ్మకో, బాల్కనీలో బట్టలారేసే తీగకో కట్టుకుంటుంది. కుట్టడం కన్నా పారిపోవడానికే ఇష్టపడుతుంది. మూడోది పుట్ట తేనెటీగ. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో, వాడకుండా వదిలేసిన మీటరు డబ్బాల్లో చీకటి చూసుకుని వరసగా కొన్ని పట్లు పెడుతుంది. తొర్ర ఇష్టం కాబట్టే మనం చేసిన పెట్టెనూ ఒప్పుకుంటుంది. నాలుగోది అసలు కుట్టనే కుట్టదు. దోమంత ఉంటుంది. గోడ పగులు దగ్గర మైనం, చెట్టు జిగురు కలిపి చేసిన వేలెడు గొట్టం బయటికి పొడుచుకొచ్చి, దాని మూతి దగ్గర నాలుగైదు ఈగలు కాపలా కాస్తూ కనిపిస్తే లోపల వీటి గూడు ఉన్నట్టే. ఇంటికి రంగులు వేయించేటప్పుడు పుట్టీ పెట్టేవాళ్లు ఆ గొట్టాన్ని చెత్త అనుకుని గీకేసి, పగులు పూడ్చేస్తారు.

పెట్టెల వ్యాపారంలో ఎక్కువగా చేతులు మారేది వీటిలో ఏదీ కాదు, ఇటాలియన్ ఈగ. 1960ల మొదట్లో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.ఎస్. అత్వాల్ బృందం ఇప్పటి హిమాచల్‌లోని నగ్రోటాలో దీన్ని మన వాతావరణానికి అలవాటు చేసింది. దక్షిణాదిలో పెట్టెల్లో పెంచిన పుట్ట తేనెటీగలను 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం ఊడ్చిపెట్టాక, ఇక్కడి పెంపకందార్లు కూడా దీనివైపు మళ్లారు. పొద్దుతిరుగుడు, ఆవ చేల వెంట లారీల్లో పెట్టెలు తిప్పుకునే రైతుకు ఇది మంచి ఈగే. పూలు బాగా ఉన్నచోట పెట్టెకు పాతిక కిలోలు, ఆ పైన తేనె ఇస్తుంది. పుట్ట తేనెటీగ నాలుగైదు కిలోలిస్తే సంతోషం. చేను దాటితే చేను ఉన్న రైతుకు సరిపోయిన ఈగ, రెండు వీధులు దాటితే సిమెంటే ఉన్న కాలనీకి సరిపోతుందా అన్నదే ప్రశ్న.

దీనికి జవాబు మనం కొత్తగా వెతుక్కోనక్కర్లేదు, ముందుగా ఆ దారిన పోయినవాళ్లను చూస్తే చాలు. 2000ల చివర్లో తేనెటీగలు అంతరించిపోతున్నాయన్న వార్తలు పాశ్చాత్య దేశాలను కుదిపినప్పుడు లండన్‌లో మేడల మీద, హోటళ్ల మీద, బ్యాంకుల మీద పెట్టెలు వెలిశాయి. పదేళ్లలో నమోదైన పెట్టెలు రెట్టింపు దాటాయి. 2020లో క్యూ రాయల్ బొటానిక్ గార్డెన్స్ తన నివేదికలో ఇక చాలని చెప్పాల్సి వచ్చింది. పెట్టెలు పెరిగినట్టు పూలు పెరగలేదనీ, ఉన్న మేత కోసం పెంపుడు ఈగలు అడవి ఈగలతో పోటీపడుతున్నాయనీ దాని సారాంశం. స్విట్జర్లాండ్‌లో 14 నగరాల లెక్క తీస్తే 2012లో 3,139 ఉన్న పెట్టెలు 2018 నాటికి 9,370 అయ్యాయి. వాటన్నిటినీ పోషించేంత పచ్చదనం ఆ నగరాల్లో లేదని 2022లో పరిశోధకులు తేల్చారు. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోట్రడామ్ చర్చి తగలబడినప్పుడు, దాన్ని ఆనుకున్న కట్టడం కప్పు మీది పెట్టెల్లో ఈగలు బతికి బయటపడ్డాయని లోకమంతా సంబరపడింది. సంబరపడాల్సిందే. కానీ ఆ ఊళ్లో ఏ గోడ సందులోనో ఒంటరిగా గూడు పెట్టుకునే అడవి ఈగ చచ్చిందో బతికిందో ఎవరూ వార్త రాయరు.

అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. ఆ దేశాల్లో తేనె కోసం పెంచేదీ ఇటాలియన్ ఈగ కుటుంబానిదే, వాళ్ల నేల మీద పుట్టిందే. మన దగ్గర అది బయటి నుంచి వచ్చింది. ఒక్క పెట్టె ఏడాది పొడవునా పిల్లలను సాకడానికి దాదాపు ఇరవై కిలోల పుప్పొడి కావాలని అంచనా. కాలనీలో ఉన్న నాలుగు కానుగ చెట్లు, రెండు మునగ చెట్ల దగ్గర ఆ ఇరవై కిలోలు ఎవరి వాటాలోంచి వస్తాయి? కొండ తేనెటీగ, చిన్న తేనెటీగ, పుట్ట తేనెటీగల వాటాలోంచే. పోటీ ఒక్కటే కాదు, పెట్టె ఈగల రోగాలు కూడా పూల మీదుగా బయటి ఈగలకు అంటుకోగలవు.

ఇక పూల సంగతి. అసలు కథంతా ఇక్కడే ఉంది. తెలుగు పట్నాల్లో తేనెటీగకు అన్నం పెట్టే చెట్టు కానుగ. వేసవిలో పూసిన కానుగ కింద పొద్దున్నే నిలబడి తలెత్తితే ఈగలు కనబడకముందే రొద వినబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోతలా ఒకే శ్రుతిలో సాగుతుంది. తొమ్మిదింటికల్లా చెట్టు కింద ఆపిన స్కూటర్ సీటు రాలిన పూలతో నిండిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే విద్యుత్ సిబ్బంది వానలకు ముందస్తు జాగ్రత్తగా తీగల కిందికి వచ్చిన కొమ్మలు నరుకుతారు. ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగ మీద పడితే జనం తిట్టేదీ వాళ్లనే కాబట్టి వాళ్లను అని లాభం లేదు. కానీ ఆ పని చలికాలంలో ముగించుకుంటే గాలివానల భయమూ చాలామటుకు తీరుతుంది, పూతా మిగులుతుంది. దీనికి కావలసింది కొత్త పథకం కాదు, క్యాలెండర్‌లో నెల మార్పు.

కానుగకు కాస్త అటూ ఇటూగా వేప, నేరేడు పూస్తాయి. ఎండలు ముదిరాక చింత. వానల తర్వాత రేగు. చలికాలంలో కుంకుడు, ఆ వెనకే ఈత. మునగ దాదాపు ఏడాదంతా ఎంతో కొంత పూస్తూనే ఉంటుంది. ఈ వరస ఊళ్లలో తనంతట తానే ఉండేది. పట్నంలో మనం తెంపాం. 2015లో తెలంగాణలో హరితహారం మొదలయ్యాక కోట్ల మొక్కలు నాటారు. నీడకు, పచ్చదనానికి అది మేలే చేసింది. అయితే మొక్కను ఎంచుకునేటప్పుడు చూసిందల్లా నీళ్లు తక్కువైనా బతుకుతుందా, పశువులు ముట్టకుండా ఉంటాయా, త్వరగా పచ్చగా కనిపిస్తుందా అనే. అలా డివైడర్ల నిండా కోనోకార్పస్ వచ్చింది. తర్వాత ఎలర్జీల గొడవ మొదలై దాన్ని నాటవద్దన్నారు. గేటెడ్ కమ్యూనిటీల పరిస్థితి ఇంకా విచిత్రం. లాన్, దాని అంచున కాగితపు పూలు. ఆ పూల రంగంతా రంగు ఆకులది, అసలు పువ్వు మధ్యలో చిన్న తెల్ల గొట్టం. తేనెటీగ అటు పోవడం అరుదు. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. ఒంటిరెక్క మందారంలో ఉన్నంత పుప్పొడి అందులో దొరకదు. చూడటానికి తోట, ఈగకు ఎడారి.

దీనికి పూర్తి విరుద్ధంగా, మనం అసహ్యించుకునే ఖాళీ ప్లాటు వానాకాలంలో తేనెటీగలకు దిక్కు. పెద్ద చెట్ల పూత లేని ఆ నెలల్లో గడ్డిచేమంతి, తుమ్మి, ఉత్తరేణి లాంటివే వాటిని నెట్టుకొస్తాయి. దోమలు, పాముల భయంతో ప్లాటు మొత్తం గడ్డిమందు కొట్టించే బదులు, ఇంటి గోడ వైపు ఒక బారెడు మేర కోసి మిగతాది పూత అయ్యేదాకా వదిలేస్తే పోయేదేమీ లేదు. తెలంగాణలో బతుకమ్మ పేర్చే పూలలో సగం ఇలాంటి బీళ్లలోనివే. ఇప్పుడు పట్నంలో గునుగు, తంగేడు కట్టలు కట్టలుగా కొని తెచ్చుకుంటున్నాం. తంగేడు కథ వేరే రకంగా ఆసక్తికరం. రాష్ట్ర పుష్పమైన ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే. అదీ కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి రావాలి. తేనెటీగకు అది తీయడం చేతకాదు. నల్లగా, బొటనవేలంత ఉండి బొంగులకు, దూలాలకు తొర్రలు చేసే తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి పొగలా రాలుతుంది.

ఏ పువ్వుకు ఏ ఈగ కావాలన్న ఈ విషయం మిద్దెతోటల వాళ్లకు బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో వేల మంది డాబాల మీద కూరగాయలు పండిస్తున్నారు. వాళ్లలో చాలామంది పొద్దున్నే చేసే పని ఒకటుంది. గుమ్మడి మగపువ్వును తెంపి, రేకులు ఒలిచి, లోపలి కేసరాన్ని ఆడపువ్వు కీలాగ్రం మీద అద్దుతారు. ఎండ ముదిరేలోపు అద్దకపోతే వేలెడు పిందె పసుపు పచ్చగా మారి రాలిపోతుంది. ఈగలు రాక చేసే చాకిరీ ఇది. అలాంటప్పుడు తేనెటీగల పెట్టె కొందామన్న ఆలోచన సహజమే. గుమ్మడి, కాకర, దోస లాంటి తీగలకు పెట్టె ఈగలు ఉపయోగపడతాయి కూడా. కానీ టమాటా, వంగ పూలకు కావలసింది అదిరించే ఈగలు. పొట్ట మీద నీలం చారలుండే ఒంటరి ఈగలు, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. మునగకూ తుమ్మెదే పెద్ద దిక్కు. వీటికి పెట్టెలు అక్కర్లేదు. తుమ్మెదల గూటికి డాబా మూలన నాలుగు ఎండు వెదురు ముక్కలు, మేతకు కుండీల్లో విత్తనానికి వదిలేసిన తులసి, ధనియాలు, ఆవాలు, మెంతి ఉంటే చాలు. పళ్లెంలో గులకరాళ్లు వేసి రాళ్లు మునగనంత నీళ్లు పోస్తే తాగి పోతాయి. లోతు గిన్నెలో పోస్తే మునిగి చస్తాయి. ఇక చీడ కనిపించగానే మందు పిచికారీ చేసే అలవాటున్న చోట ఏ ఈగా నిలవదు. వేపనూనె అయినా సరే, సాయంత్రం ఈగలు వెళ్లాకే చల్లాలి.

నగరం ఈగలను ఎలా దెబ్బతీస్తుందో ఇప్పుడు ఊహించుకోనక్కర్లేదు. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన బృందం వేరువేరు స్థాయిల్లో కాలుష్యం ఉన్న నాలుగు చోట్ల 1,800కు పైగా కొండ తేనెటీగలను పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించింది. కాలుష్యం ఒక మోస్తరుగా, ఎక్కువగా ఉన్న చోట్ల పట్టిన ఈగల్లో 80 శాతానికి పైగా ఒక్క రోజులోపే చనిపోయాయి. పూల మీద వాలేవాటి సంఖ్య కూడా అక్కడ తక్కువ. వాటి ఒళ్లంతా దుమ్ము, లోహాల రేణువులు. ఇది పెట్టెలతో తీరే సమస్య కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇలాంటిదే ఇంకొకటి, టీ కొట్టు పక్కన చెత్తడబ్బా. కాగితం కప్పుల అడుగున మిగిలిన తీపి కోసం దిగిన ఈగలు అందులోనే చిక్కుకుని చస్తాయి. తమిళనాడులో కాఫీ దుకాణాల దగ్గర ఇలా వేలల్లో చచ్చిన ఈగలను లెక్కపెట్టిన పరిశోధన 2011లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. మూత ఉన్న డబ్బా పెట్టడం పెద్ద పనేమీ కాదు. దోమల ఫాగింగ్ సంగతీ ఆలోచించాలి. పొద్దువాలాక చేస్తే ఈగలు గూటికి చేరతాయి కదా అంటారు. తొర్రలో ఉండేవాటికి ఆ మాట కొంత నిజం. ఆరుబయట వేలాడే కొండ తేనెటీగల పట్టుకు దాన్ని కప్పుకున్న ఈగల ఒళ్లే తప్ప చాటు లేదు.

ఇప్పుడు అందరూ భయపడే దగ్గరికి వద్దాం. ఎనిమిదో అంతస్తు సజ్జకు పట్టు పడుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోతుంది. భయం న్యాయమైనదే. కొండ తేనెటీగలు మూకుమ్మడిగా దాడి చేస్తే ప్రాణాలు పోతాయి, పోయాయి కూడా. ఒక ఈగ కుట్టిన చోట పండిన అరటిపండు వాసన లాంటిది వెలువడుతుంది. అది మిగతావాటికి పిలుపు. చేతులు ఊపుతూ అక్కడే నిలబడకుండా ముఖం కప్పుకుని తలుపున్న గదిలోకి పరుగెత్తడమే మార్గం. అయితే ఈ ఈగలు ఊరికే మీద పడవు. పట్టు మీదికి కందిరీగ వస్తే వేల ఈగలు ఒకదాని తర్వాత ఒకటి పొట్టలు పైకెత్తుతాయి. పట్టు మీద అల పాకినట్టు మెరుపు కదులుతుంది. దాడికి ముందు ఇచ్చే హెచ్చరిక అది. డేగ పంజా విసిరినా, రాయి తగిలినా, కింద పొగపెట్టినా, టపాకాయ పేలినా కథ మారిపోతుంది. చాలా ప్రమాదాలకు మూలం పట్టు ఉండటం కాదు, దాన్ని కదిలించడం. మనుషులు తిరగని ఎత్తులో ఉంటే ఆ పక్క కిటికీ మూసుకుని, రాత్రిళ్లు ఆ వైపు లైట్లు ఆర్పి, కొన్ని నెలలు ఓపిక పట్టగలిగితే అవే లేచిపోతాయి. బడి, ఆసుపత్రి, లిఫ్టు దారి అయితే తీయించాల్సిందే.

తీయించడం ఎలా అన్నదే ప్రశ్న. ఫైర్ స్టేషన్‌కు చెప్పాలా, మున్సిపాలిటీకా, అటవీ శాఖకా అన్నది సగటు అపార్ట్‌మెంట్ సెక్రటరీకి తెలియదు. అతను చేసేది పెస్ట్ కంట్రోల్ వాళ్లకు ఫోన్ చేయడం. వాళ్లు మందు కొడతారు. తెల్లారి తట్టల కొద్దీ చచ్చిన ఈగలు. ఆ మందు కలిసిన పట్టు పిండిన తేనె ఎవరో ఒకరి సీసాలోకి చేరే ప్రమాదమూ ఉంది.

ఇంత చెప్పాక కూడా పెట్టె పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోవద్దనను. పుట్ట తేనెటీగో, కుట్టని ఈగో పెంచండి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ లాంటి చోట శిక్షణ తీసుకున్నాకే పెంచండి. పెట్టె కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెలు పెట్టాలి. మైనపు పురుగు పట్టకుండా వారం పది రోజులకోసారి చట్రాలు చూడాలి. పూలు తగ్గే వానాకాలంలో పంచదార పాకం పెట్టాలి. ఇదంతా చేసే ఓపిక లేని ఇంట్లో పెట్టె ఏడాది తిరక్కుండా ఖాళీ అవుతుంది. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షల్లో ప్రసిద్ధ బ్రాండ్లలో అత్యధికం కల్తీ పరీక్షలో తప్పాయని తెలిసినప్పటి నుంచి ఇంటి తేనె మీద మోజు పెరగడం అర్థం చేసుకోగలిగిందే. అయినా నాలుగైదు కిలోలకు మించి ఆశపడితే ఆ ఇంటి యజమాని ఈగల శీతాకాలపు, వానాకాలపు నిల్వను తింటున్నట్టే. పెట్టెలకు ఒక లెక్క కూడా ఉండాలి. న్యూయార్క్ 2010లో తేనెటీగల పెంపకంపై నిషేధం ఎత్తేసినప్పుడు ప్రతి పెట్టెనూ నమోదు చేయాలని షరతు పెట్టింది. మన మున్సిపాలిటీలు కూడా కాలనీకి ఎన్ని పెట్టెలో ఇప్పుడే పరిమితి పెట్టుకోవడం మంచిది, రద్దీ అయ్యాక పెట్టడం కష్టం.

కేంద్రం 2020లో ప్రకటించిన 500 కోట్ల రూపాయల తేనెటీగల పెంపకం, తేనె మిషన్ రైతుల ఆదాయం కోసం ఉద్దేశించింది. పల్లెకు అది సరైనదే. పట్నానికి కావలసిన ఖర్చు అంతకన్నా చాలా తక్కువ. మున్సిపల్ నర్సరీలు పెంచే మొక్కల జాబితాలో నెలవారీ పూత ఒక గడిగా చేరాలి. ఏ నెల గడి ఖాళీగా ఉందో ఆ నెలలో పూసే చెట్టు పెంచాలి. పట్టు తొలగించడానికి ప్రతి సర్కిల్‌కూ ఒక ఫోన్ నంబరు, పురుగుమందు వాడకూడదన్న లిఖిత నియమం ఉండాలి. ఆ పని చేయగలిగినవాళ్లు మన మధ్యే ఉన్నారు. నల్లమలలో తాళ్ల మీద కొండచరియలు దిగి తేనె తీసే చెంచులకు, పిల్లలున్న భాగం వదిలి తేనె ఉన్న పైభాగం మాత్రమే కోసే పద్ధతి కొత్త కాదు. నగరాల్లో బకెట్లు పట్టుకుని తిరిగి తేనె తీసేవాళ్లలోనూ నేర్పు ఉంది, గుర్తింపే లేదు. వాళ్లను వార్డు వారీగా నమోదు చేసి, ముసుగు, తాడు, బీమా ఇచ్చి, పనికి ఇంత అని రేటు కట్టాలి. ఇప్పుడు వాళ్లకు ముట్టే కూలి ఆ పట్టులోని తేనె మాత్రమే. పట్టు మొత్తం కోసుకుపోతే తప్ప వాళ్లకు ఆ రోజు గిట్టదు. రేటు డబ్బుగా చేతికి అందితే, పిల్లలున్న సగం సజ్జకే వదిలి రావడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు.